భూకంపం ఆగాక ఇంట్లో అడుగుపెట్టే ముందు పగుళ్లను చదవడం ఎలా?

ఊగడం ఆగింది, ఇల్లు నిలబడే ఉంది. అయినా వెంటనే లోపలికి వెళ్లకండి. అనంతర ప్రకంపనలు మొదటి రోజే ఎక్కువ. పదో రోజుకి వాటి సంఖ్య దాదాపు పదో వంతుకు పడిపోతుంది. తగ్గేది సంఖ్యే, బలం కూడా తగ్గుతుందన్న హామీ లేదు. నేపాల్‌లో 2015 ఏప్రిల్ 25న 7.8 తీవ్రతతో భూకంపం వస్తే, మే 12న మళ్లీ 7.3 వచ్చింది. టర్కీలో 2023 ఫిబ్రవరి 6న 7.8 వచ్చిన తొమ్మిది గంటలకే 7.5 వచ్చింది. మొదటి దెబ్బకు బీటలు వారిన ఇంటిని కూల్చడానికి అంతకన్నా చిన్న కుదుపు చాలు.

పగటి వెలుతురులో, బయటి నుంచే మొదలుపెట్టండి. గోడ ఎత్తుకు ఒకటిన్నర రెట్ల దూరంలో ఉంటూ ఇంటి చుట్టూ తిరగండి. ముందు పైకి చూడండి: పిట్టగోడ, నీళ్ల ట్యాంకు, సన్‌షేడ్, బాల్కనీ. ఊడి పడేవి ముందుగా ఇవే, చాలాసార్లు గుమ్మం ముందే. తర్వాత దారానికి బరువు కట్టి, చేయి చాచి వేలాడదీసి, ఇంటి మూల అంచుతో పోల్చండి. కొత్తగా వాలినట్టు కంటికి తెలిసిందంటే పరీక్ష అక్కడితో ముగిసింది, లోపలికి వెళ్లొద్దు. నేల మీద ఇసుక, నీరు ఉబికిన గుర్తులుంటే కింద మట్టి ద్రవంలా మారి పట్టు వదిలిందని అర్థం. 1964లో జపాన్‌లోని నీగాటాలో గోడలు చెదరని అపార్ట్‌మెంట్లు కూడా ఇలాగే పక్కకు ఒరిగిపోయాయి.

ఇక పగుళ్లు. గోడ తన బరువును కిందికి మోయడానికి కట్టింది. భూకంపం దాన్ని పక్కకు తోస్తుంది. పైన బరువు ఎంత ఉంటే ఆ తోపు అంత. అందుకే ఎక్కువ దెబ్బ కింది అంతస్తు మీద పడుతుంది. ఒక వైపు తోసినప్పుడు గోడ ఐమూలగా చీలుతుంది, ఎదురు వైపు తోసినప్పుడు దానికి అడ్డంగా మరో చీలిక పడుతుంది. కిటికీల మధ్య కనిపించే X ఆకారం ఇలా వచ్చిందే. వెంట్రుక మందాన, పిచ్చిగీతల్లా ఉన్నవి చాలావరకు ప్లాస్టరింగ్‌వే. ఏటీఎం కార్డు దూరేంత వెడల్పుంటే (కార్డు మందం 0.76 మిల్లీమీటర్లు) ఆ చోట ప్లాస్టరు గీకి, ఇటుక కూడా పగిలిందేమో చూడాలి. కొత్త పగులు అంచులు తెల్లగా, పదునుగా ఉంటాయి. పాతదాంట్లో దుమ్ము, సాలెగూడు, పాత రంగు కనిపిస్తాయి.

పిల్లర్లు లేకుండా గోడల మీదే కప్పు నిలిచిన ఇంట్లో మూలలు చూడండి. నిలువు పగులు పైకి పోయేకొద్దీ వెడల్పవుతుంటే రెండు గోడలూ విడిపోతున్నాయి. చుట్టూ కట్టిపట్టే కాంక్రీటు బ్యాండు లేకపోవడమే సాధారణంగా దీనికి కారణం. రాతి గోడ పొట్ట ఉబ్బితే లోపలి వరస, బయటి వరస వేరైనట్టే. 1993 సెప్టెంబరు 30న మహారాష్ట్రలోని లాతూర్ ప్రాంతంలో వేలమంది చనిపోవడానికి భూకంపం 6.2 తీవ్రత ఒక్కటే కారణం కాదు. మట్టితో పేర్చిన మందపాటి రాతి గోడలు, వాటి మీద బరువైన మట్టి కప్పులు కూడా కారణమే.

పిల్లర్ల ఇంట్లో అడ్డుగోడ, పిల్లరు కలిసే చోట గీత పడితే కంగారక్కర్లేదు, పిల్లర్లు, బీమ్‌ల చట్రానికి దెబ్బ తగలకపోయుండొచ్చు. అయితే ఆ గోడ పక్కకు పడిపోగలదు, దాని పక్కన మంచం వేయకండి. పిల్లరు మీదే ఐమూల పగులుంటే మాత్రం ఎంత సన్నదైనా ఇంజనీరు చూడాల్సిందే. పిల్లరు పైకొన, కింది కొన దగ్గర పెచ్చులూడి, నిలువు కడ్డీలు బయటికి విల్లులా వంగాయంటే లోపలికి వెళ్లకండి. ఆ కొనల దగ్గర నిలువు కడ్డీలను చుట్టి కట్టే రింగులు 100 మిల్లీమీటర్లకు మించని దూరంలో ఉండాలి, కొక్కేలు 135 డిగ్రీలు వంగి కాంక్రీటు లోపలికి దిగాలి. 90 డిగ్రీలకే వంచి వదిలేసిన రింగు కుదుపుకు విచ్చుకుంటుంది, కడ్డీలకు ఆధారం పోతుంది. పని త్వరగా అవుతుందని మేస్త్రీలు చేసే తప్పు ఇది. తేడా బయటపడేది భూకంపం నాడే. కింద గోడల్లేకుండా పార్కింగ్ వదిలిన భవనాలను మరింత అనుమానంగా చూడండి. 2001 భుజ్ భూకంపంలో కేంద్రానికి 200 కిలోమీటర్లకు పైగా దూరంలోని అహ్మదాబాద్‌లో కూలినవాటిలో ఇలాంటివి చాలా ఉన్నాయి.

బయట ఇవేవీ లేకపోతేనే ఒక్కరు లోపలికి వెళ్లాలి, హెల్మెట్, మందపాటి చెప్పులతో. టార్చిని బయటే వెలిగించుకోండి. తలుపు మూసుకుపోకుండా ఆపు పెట్టండి. బిగుసుకున్న తలుపును బలంగా లాగొద్దు, పైన బీమ్ దిగి ఉండొచ్చు. గ్యాస్ వాసన వస్తే ఏ స్విచ్చూ వేయకండి, ఆర్పకండి. సిలిండరు గుమ్మానికి దగ్గరగా ఉంటేనే దాని రెగ్యులేటరు ఆపి బయటికి రండి. వాసన లేకపోతే, నేల పొడిగా ఉంటే, మెయిన్ స్విచ్ ఆపండి, కరెంటు లేకపోయినా సరే. 1995లో జపాన్‌లోని కోబె భూకంపంలో చాలా మంటలు కరెంటు తిరిగి వచ్చినప్పుడే అంటుకున్నాయి. అల్మరా తలుపులు పక్కకు నిలబడి మెల్లగా తీయండి.

మిగిలిన ప్రతి పగులుకూ రెండు కొనల దగ్గర పెన్సిల్‌తో అడ్డగీత గీసి తేదీ వేయండి, పక్కన నాణెం పెట్టి ఫొటో తీయండి. ప్రతి అనంతర ప్రకంపన తర్వాత చూడండి. పగులు గీత దాటిందంటే ఇల్లు ఖాళీ చేయాలి. ఇంజనీరు చూడకముందే సిమెంటు పూసి మూసేయకండి. అది బలమేమీ ఇవ్వదు, అసలు దెబ్బ ఎక్కడ తగిలిందో చూపే గుర్తును మాత్రం చెరిపేస్తుంది.