బైల్ డక్ట్‌లో స్టెంట్ వేశారా? తేదీ మీరే గుర్తుపెట్టుకోవాలి

గుంటూరులో ఎండోస్కోపీ యూనిట్ స్టాఫ్ నర్సుని నేను. గాల్‌బ్లాడర్ తీయించుకున్నాక బైల్ డక్ట్ (కాలేయం నుంచి పైత్యరసాన్ని పేగుకు చేర్చే నాళం) సన్నబడి వచ్చేవాళ్లకు రోజూ చెప్పే మాటలే ఇక్కడ రాస్తున్నాను.

ఆపరేషన్‌లో క్లిప్పు నాళానికి పడినా, వేడి తగిలినా అక్కడ మచ్చ కట్టి దారి ఇరుకవుతుంది. ఇది కొందరికి వారాల్లో బయటపడుతుంది, కొందరికి ఏళ్లు పడుతుంది. మూత్రం ముదురు పసుపు రంగులో రావడం, మలం తెల్లబడటం, రాత్రిళ్లు నిద్ర పట్టనంత దురద దీని లక్షణాలు. అలాంటప్పుడు పసరు మందు తాగించి, చేతికి వాత పెట్టించి తీసుకొస్తారు మనవాళ్లు. దారి మూసుకుపోయి వచ్చిన కామెర్లకు పసరు ఏం చేస్తుంది చెప్పండి?

ముందు ఎల్ఎఫ్‌టీ (కాలేయం పనితీరు చెప్పే రక్తపరీక్ష), స్కానింగ్, ఆ తర్వాత ఎమ్మార్సీపీ (నాళాలను చూపే ఎమ్మారై స్కాన్) చేయించండి. నాళం పూర్తిగా తెగిపోయి ఉంటే సాధారణంగా ఎండోస్కోపీతో కుదరదు, సర్జన్ నాళాన్ని పేగుకు కలిపి కుట్టాల్సి ఉంటుంది. ఇరుకుగానైనా దారి మిగిలి ఉంటే ఈఆర్‌సీపీ, అంటే నోటి ద్వారా స్కోప్ (కెమెరా ఉన్న గొట్టం) పంపి నాళాన్ని తెరిచే ప్రొసీజర్ చేస్తారు.

వచ్చేటప్పుడు వాడుతున్న మాత్రలన్నీ సంచిలో వేసుకు రండి. క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటి రక్తం పలచబరిచే మందులు వాడుతుంటే ముందే చెప్పండి. వాటిని మీ అంతట మీరు ఆపొద్దు. షుగర్ ఉన్నవాళ్లు ఆ ఉదయం ఇన్సులిన్ సంగతి అడగండి. పరగడుపు అంటే పరగడుపే. "కాస్త కాఫీయే కదా సిస్టర్" అంటారు. పాలు కలిస్తే అది ఆహారం కిందే లెక్క, ప్రొసీజర్ వాయిదా పడుతుంది. కట్టుడు పళ్లు తీసేయండి. ఎక్స్‌రే చూస్తూ చేసే పని కాబట్టి గర్భం ఉందేమోనని అనుమానమున్నా చెప్పాలి. మెడలో గొలుసులు కూడా తీయమంటాం, పొట్ట మీదికి జారితే బొమ్మలో అడ్డొస్తాయి. తాళి తీయడానికి మనసొప్పకపోతే పసుపు కొమ్ము కట్టిన దారం తెచ్చుకోండి, మాకేం అభ్యంతరం లేదు.

లోపల జరిగేది ఇదీ. మత్తిచ్చాక నోట్లోంచి స్కోప్ చిన్నపేగు దాకా వెళ్తుంది. అక్కడ నాళం తెరుచుకునే చోట చిన్న కోత పెట్టి, ఇరుకు గుండా సన్నని వైరు దాటించి, బెలూన్‌తో వెడల్పు చేస్తారు. బెలూన్‌తో వదిలేస్తే మచ్చ మళ్లీ బిగుస్తుంది. అందుకే దారి తెరిచి ఉంచే సన్నని గొట్టాలు, అంటే ప్లాస్టిక్ స్టెంట్లు పెడతారు. 10 ఫ్రెంచ్ స్టెంట్ అంటే 3.3 మిల్లీమీటర్లు, ఇంచుమించు బాల్‌పెన్ రీఫిల్ అంత. సాధారణంగా మూడేసి నెలలకు వాటిని తీసి, ఈసారి ఇంకొన్ని ఎక్కువ పెడుతూ దాదాపు ఏడాది నడిపిస్తారు. ఇరుకు కింది భాగంలో ఉంటే కవర్ ఉన్న మెటల్ స్టెంట్ ఒక్కటే కొన్ని నెలలు ఉంచే పద్ధతీ ఉంది. ఇరుకు కాలేయం దగ్గర, నాళాలు కలిసేచోట ఉంటే ఆ మెటల్ స్టెంట్ పక్క కొమ్మల్ని మూసేస్తుంది కాబట్టి సాధారణంగా పెట్టరు.

ప్యాంక్రియాస్ (క్లోమగ్రంథి) వాచే ప్రమాదం తగ్గడానికి మలద్వారంలో ఒక మందు పెడతాం. సిగ్గుపడి వద్దనకండి. ఆ రోజు గొంతు నొప్పి మామూలే. పొట్టనొప్పి వీపులోకి పొడిచినా, వాంతులు ఆగకపోయినా, మలం నల్లగా వచ్చినా వెంటనే చెప్పాలి.

ఇంటికి వెళ్లాక నెలల తరబడి చారన్నం పెట్టి మనిషిని నీరసపెట్టొద్దు. స్టెంట్ పూడిపోయేది లోపల పేరుకునే మడ్డి వల్ల, మీరు తిన్న పప్పు వల్ల కాదు. చలితో వణికిస్తూ జ్వరం వస్తే మాత్రం డోలో వేసి తెల్లారేదాకా చూడొద్దు. స్టెంట్ మూసుకుపోయి ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకుతుంది. అర్ధరాత్రి అయినా ఆసుపత్రికి రావాల్సిందే.

అసలు చిక్కు దురద తగ్గాకే వస్తుంది. ఆకలి వేస్తుంది, రంగు తేలుతుంది, పొలం పనులు మొదలవుతాయి, ఇక మూడో నెల ఎవరికి గుర్తుంటుంది? అందుకే ఫైలు అట్ట మీద ఎర్ర పెన్నుతో రాసిస్తాను: ఎన్ని స్టెంట్లు, ఏ రకం, ఏ తేదీకి మార్చాలి. దాన్ని ఫోన్‌తో ఫొటో తీసి పిల్లలకు పంపండి. గడువుకు రెండు వారాల ముందు అలారం పెట్టుకోండి. ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) మీద అయితే తర్వాతి విడతకు అనుమతి ఎలాగో డిశ్చార్జ్ రోజే కౌంటర్లో అడగండి. వేరే ఊరి ఆసుపత్రికి మారితే డిశ్చార్జ్ సమ్మరీతో పాటు బొమ్మల సీడీ కూడా పట్టుకెళ్లండి.

చివరి స్టెంట్ తీశాక కూడా ఇరుకు తిరిగి రావచ్చు. డాక్టరు చెప్పిన గడువుల్లో ఎల్ఎఫ్‌టీ చేయించండి. అందులో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే అంకె పెరుగుతుంటే, కళ్లు పచ్చబడేదాకా ఆగకుండా రిపోర్టు పట్టుకుని వచ్చేయండి.