సిగరెట్ మానేశాక మొదటి నెల గట్టెక్కడం ఎలా?

బెంగళూరులో ఉద్యోగం చేసే మన తెలుగువాళ్లలో చాలామందికి సిగరెట్, బేకరీ టీ జంటగా అలవాటవుతాయి. మారతహళ్లిలో సాయంత్రం ఏ బేకరీ ముందు చూసినా ఇదే తంతు. కాబట్టి ఒంట్లోంచి నికోటిన్‌ను వదిలించుకోవడంతో పాటు టీ వేళను కూడా మార్చుకోవాలి. నా దృష్టిలో రెండోదే అసలు కష్టం.

ముందుగా రెండు వారాల్లోపు ఒక తేదీ పెట్టుకోండి. ప్రాజెక్టు గడువు ముంచుకొస్తున్న వారం మాత్రం వద్దు. ముందురోజు రాత్రే బ్యాగులో, బండిలో, ఆఫీసు సొరుగులో ఉన్న సిగరెట్లు, లైటర్లు పారేయండి. అవసరానికి ఉంటుందని ఒక్కటి కూడా దాచుకోవద్దు.

చిరాకు, తలనొప్పి, నిద్రలేమి మొదటి రోజే మొదలవుతాయి. రెండు మూడు రోజులకు ముదిరి, మూడు నాలుగు వారాల్లో చాలావరకు సద్దుమణుగుతాయి. కొందరికి దగ్గు పెరుగుతుంది. ఊపిరితిత్తులు పేరుకున్న కఫాన్ని బయటికి నెడుతున్నాయన్నమాట, కంగారు పడవద్దు.

కాఫీ సంగతి చాలామందికి తెలియదు. సిగరెట్ పొగ వల్ల కాలేయం కెఫీన్‌ను త్వరగా ఖర్చు చేస్తుంది. పొగ ఆగగానే అదే ఫిల్టర్ కాఫీ ఒంట్లో ఎక్కువసేపు నిలిచి గుండె దడ, నిద్రలేమి తెస్తుంది. సిగరెట్ లేకపోవడం వల్లే ఇదంతా అనుకుని మళ్లీ వెలిగించకండి. మానేసిన రోజు నుంచే కాఫీని సగానికి తగ్గించండి.

ఇక టీ వేళ. నెలరోజుల పాటు బేకరీ వదిలేసి, పొగ తాగనివ్వని దర్శినికి (నిలబడి తినే చిన్న హోటల్‌కు) వెళ్లండి. "నేను అడిగినా ఇవ్వవద్దు" అని స్నేహితులకు ముందే గట్టిగా చెప్పండి. తాగాలనే తహతహ సాధారణంగా కొద్ది నిమిషాలే ఉంటుంది. ఆ కాసేపూ చన్నీళ్లు గుక్కగుక్కగా తాగండి, నోట్లో లవంగం వేసుకోండి, లేదా రెండంతస్తుల మెట్లెక్కండి.

మరీ తట్టుకోలేకపోతే నికోటిన్ గమ్ వాడవచ్చు. దాన్ని మామూలు చూయింగ్ గమ్‌లా నమలకూడదు. నెమ్మదిగా నమిలి, ఘాటు తగలగానే బుగ్గకూ చిగురుకూ మధ్య ఉంచాలి. ఘాటు తగ్గాక మళ్లీ నమలాలి. ఇలా అరగంట. గబగబా నమిలితే ఎక్కిళ్లు, కడుపులో మంట వస్తాయి. గమ్ వేసుకునే ముందు 15 నిమిషాల పాటు టీ, కాఫీ తాగకూడదు. గుండెజబ్బు ఉన్నవారు, గర్భిణులు వైద్యుణ్ణి అడిగాకే వాడాలి.

మధ్యలో ఒకటి తాగేస్తే అంతా పోయిందని పెట్టె కొనేయకండి. ఏ వేళ, ఎవరితో, ఎందుకు తాగారో రాసుకుని, పొగాకు మానడానికి సాయం చేసే జాతీయ హెల్ప్‌లైన్ 1800-11-2356కు ఫోన్ చేయండి. సిగరెట్ పెట్టె మీద ఉండే నంబరే అది, ఉచితం. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో ఉన్న ఈ హెల్ప్‌లైన్ కేంద్రంలో తెలుగులోనూ మాట్లాడతారు.