అర్ధరూపాయి ఎక్కడికి పోయింది?

పూర్ణా మార్కెట్‌లో బాబాయి కిరాణా కొట్టుకి చదువుకునే రోజుల్లో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో, దాని పాత వెర్షన్ పైథాన్ 2లో, బిల్లింగ్ ప్రోగ్రాం రాసిచ్చాను. మొన్న పాత కంప్యూటర్ పోయింది, కొత్తదాంట్లో పైథాన్ 3 వేశాను. తెర మీద చూపించే ప్రింట్ ఆదేశానికి బ్రాకెట్లు లేవని వెంటనే మొరాయించింది. అది ఐదు నిమిషాల పని.

అసలు తంటా రెండో రోజు. "ఏటిరా ఇది? అరకిలో పెసరపప్పు 62.50కి 62 వేసింది, కందిపప్పు 63.50కి 64 వేసింది. దీనికి మతి పోయిందా?" అని బాబాయి ఫోను.

కోడ్ రెండుసార్లు చూశాను, తప్పేమీ లేదు. చివరికి 2008లో వచ్చిన పైథాన్ 3.0 మార్పుల పత్రం తీస్తే అందులో ఉంది: దగ్గరి పూర్ణసంఖ్యకి సవరించే రౌండ్ ఫంక్షన్ సరిగ్గా సగం వస్తే ఇకపై దగ్గరి సరిసంఖ్యకి వెళ్తుంది. పాతదాంట్లో 63, 64 వచ్చేవి. ఎప్పుడూ పైకే సవరిస్తే పెద్ద మొత్తాల్లో లెక్క పైకి జరిగిపోతుందని ఈ పద్ధతి. కంప్యూటర్లలో దశాంశ లెక్కలకి వాడే ఐట్రిపుల్‌ఈ 754 ప్రమాణంలోనూ మామూలుగా ఇదే. న్యాయమే, కానీ కొట్లో ఎవరికి చెప్తాం?

దశాంశాల్ని ఉన్నదున్నట్టు లెక్కించే డెసిమల్ మాడ్యూల్ తెచ్చి, ధరల్ని ఫ్లోట్‌గా (కంప్యూటర్ ఉజ్జాయింపుగా దాచుకునే దశాంశంగా) కాకుండా స్ట్రింగ్‌గా (అక్షరాల రూపంలో) ఇచ్చి, అందులో సవరణ చేసే క్వాంటైజ్‌లో రౌండ్ హాఫ్ అప్ (సగం వస్తే పైకి) పెట్టాను. 62.50కి 63 వచ్చింది. ఆ రెండు రోజుల బిల్లులు మాత్రం బాబాయి పెన్నుతోనే దిద్దుకున్నాడు.