కీళ్ల నొప్పులా? ముందు గోళ్లు చూడండి

సమస్య: చీలమండలు, మోకాళ్లు, మణికట్లు వాచి లోపల్నుంచి సలుపుతుంటాయి. రాత్రిళ్లు మరీ ఎక్కువ. కాళ్లు కిందికి వేలాడేసి కూర్చుంటే పోటు పెరుగుతుంది, దిండు మీద ఎత్తిపెడితే కాస్త నయం. వాతం మందులు ఎన్ని వాడినా గుణం కనిపించదు.

హైదరాబాద్ మూసాపేటలో ఉండే మా బాబాయ్‌కి ఏడు నెలలు ఇదే బాధ. యూరిక్ యాసిడ్ చూశారు, ఆర్‌ఏ ఫ్యాక్టర్ (కీళ్లవాతం పరీక్ష) చూశారు, రెండూ మామూలుగానే ఉన్నాయి. మోకాళ్లు అరిగాయని గోలీలిచ్చి పంపారు. ముప్ఫై ఏళ్లుగా బీడీలు తాగుతున్నాడు, ఆ సంగతి ఎవరూ అడగలేదు. చివరికి ఒక డాక్టరమ్మ, "చేతులు బల్ల మీద పెట్టండి పెద్దాయనా" అంది. వేళ్ల కొసలు ఉబ్బి ఉన్నాయి, గోళ్లు చిలక ముక్కులా కిందికి వంగాయి. గోటి మొదట్లో నొక్కితే స్పంజిలా మెత్తగా దిగింది. మేం రోజూ చూస్తున్న చేతులే. ఆ వంపు మాత్రం మా కంట పడలేదు.

దీన్ని క్లబ్బింగ్ అంటారు. ఇంట్లోనే చూసుకోవచ్చు. రెండు చూపుడు వేళ్లు మడిచి, గోరుకు గోరు ఆనించి ట్యూబ్‌లైట్ వైపు పెట్టండి. మామూలు వేళ్లయితే గోళ్ల మొదళ్ల దగ్గర పేకముక్క మీది డైమన్ ఆకారంలో చిన్న సందు కనిపిస్తుంది. క్లబ్బింగ్ ఉంటే ఆ సందు మూసుకుపోతుంది. దక్షిణాఫ్రికా గుండె డాక్టరు లియో షామ్రోత్ తనకే గుండె లోపలి పొరకు ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు గమనించి, 1976లో రాసిన పరీక్ష ఇది. చిన్నప్పట్నుంచీ వేళ్లు అలాగే ఉండి, ఇంట్లో ఇంకొందరికీ ఉంటే టెన్షన్ అక్కర్లేదు. ఈమధ్యే వంపు తిరిగితే మాత్రం ఆలస్యం చేయొద్దు.

కారణం: క్లబ్బింగ్‌తో పాటు కీళ్లు, ఎముకలు నొస్తుంటే అది హైపర్‌ట్రోఫిక్ ఆస్టియోఆర్థ్రోపతి అనే జబ్బు కావచ్చు. 1889లో బాంబర్గర్, 1890లో పియర్ మారీ అనే డాక్టర్లు దీన్ని వివరించారు. ఎముకను కప్పి ఉంచే పలుచటి పొర రెచ్చిపోయి, పాత ఎముక మీద కొత్త ఎముకను పేరుస్తుంది. నొప్పి అక్కడిదే. మోకాలి కింది ఎముకల ఎక్స్‌రేలో అంచు వెంబడి ఇంకో గీత గీసినట్టు కనిపిస్తుంది. జబ్బు మూలం మాత్రం కాళ్లలో ఉండదు. పెద్దవాళ్లలో చాలాసార్లు ఊపిరితిత్తుల క్యాన్సరే. ఊపిరితిత్తుల్లో చీము, ఏళ్ల తరబడి కఫం పడే బ్రాంకియెక్టాసిస్, పుట్టుకతో ఒళ్లు నీలంగా మారే గుండె జబ్బులు, లివర్ గట్టిపడటం కూడా కారణం కావచ్చు. జన్యువుల వల్ల వచ్చే రకం అరుదు, అది ఎక్కువగా యుక్తవయసులో మొదలవుతుంది.

దగ్గు, ఆయాసం లేవు కదా అని ఊరుకోకండి. బాబాయ్‌కీ లేవు.

పరిష్కారం: ముందు ఛాతీ ఎక్స్‌రే. అది బాగున్నా అనుమానం తీరకపోతే సీటీ స్కాన్ గురించి డాక్టర్ని అడగండి. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి ఊపిరితిత్తుల జబ్బులకే ఉంది. క్యాన్సర్ అని తేలితే రెడ్‌హిల్స్‌లో ఎం.ఎన్.జె. ఆసుపత్రి ఉంది. వెళ్లేటప్పుడు పాత రిపోర్టులన్నీ పట్టుకెళ్లండి. "గోళ్లు వంగాయి, కీళ్లు కూడా నొస్తున్నాయి" అని రెండూ కలిపి చెప్పండి. విడివిడిగా చెబితే రెండు వేరే జబ్బులనుకునే ప్రమాదం ఉంది.

మూలానికి వైద్యం జరిగితేనే నొప్పి పోతుంది. ఈలోగా పెయిన్ కిల్లర్లు ఉపశమనం ఇస్తాయి, కానీ కిడ్నీ, లివర్ జబ్బులు, కడుపులో పుండు ఉన్నవాళ్లు సొంతంగా వాడొద్దు. వాటికీ లొంగని నొప్పికి జోలెడ్రోనిక్ యాసిడ్ లాంటి ఇంజెక్షన్లు ఇస్తారు.

బాబాయ్ ఊపిరితిత్తిలోని గడ్డ ఆపరేషన్ చేయగలిగే దశలోనే దొరికింది. తీసేసిన వారానికే చీలమండల సలుపు తగ్గి, దిండు లేకుండా నిద్రపోయాడు. గోళ్ల వంపు మాత్రం ఇంకా మెల్లగా సర్దుకుంటోంది.