నైట్రస్ పాఠాలు - 4: షాట్ ఎంతో తేల్చేది పెట్రోలు

ఇంజన్ పవర్ పెంచడానికి నైట్రస్ ఆక్సైడ్ గ్యాస్ పంపే కిట్లు రెండు రకాలు. డ్రై కిట్ గ్యాస్ ఒక్కటే పంపుతుంది, దానికి తగ్గ పెట్రోలు బండి ఇంజెక్టర్లే పోయాలి. వెట్ కిట్ తన పెట్రోలు తనే తెచ్చుకుంటుంది. పోయిన పాఠంలో ఇంతవరకు చూశాం. ఇప్పుడు ఒక బండిని ముందు పెట్టుకుని ఏ కిట్ కొనాలో లెక్కేద్దాం.

బండి 1987-92 నాటి ఫోర్డ్ మస్టాంగ్ 5.0. మన దగ్గర మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఇలాంటి మార్పులకు అడ్డు, అందుకే అమెరికా బండిని తీసుకున్నాం. అక్కడైనా రోజూ నడిపే బండికి కిట్ బిగించొచ్చేమో గానీ, గ్యాస్ బటన్ నొక్కాల్సింది డ్రాగ్ స్ట్రిప్ (తిన్నని రేసు ట్రాక్) మీదే.

ఇంజన్ పవర్ 225 హెచ్‌పీ. 75 షాట్, అంటే గ్యాస్ అదనంగా ఇచ్చే 75 హెచ్‌పీ, కలిపితే 300. ఒక్కో హెచ్‌పీకి గంటకు అర పౌండు పెట్రోలు చొప్పున 150 పౌండ్లు, అంటే 68 కిలోలు, సుమారు 92 లీటర్లు. ట్యాంకులో కంపెనీ పెట్టిన పంపు గంటకు 88 లీటర్లది. కొత్తలోనే చాలని పంపు, ముప్పై ఏళ్లు తిరిగాక ఏం పోస్తుంది? కాబట్టి కిట్ డబ్బాకు ఆర్డర్ పెట్టేముందు 155 లేదా 190 లీటర్ల పంపు, కొత్త ఫిల్టరు.

ఇక ఇంజెక్టర్లు. ఒక్కోటి గంటకు 19 పౌండ్లు, ఎనిమిదీ కలిపి 152. వాటిని 85 శాతానికి మించి తెరిచి ఉంచకూడదు, కాబట్టి చేతికొచ్చేది 129 పౌండ్లు, అంటే 258 హెచ్‌పీకి సరిపడా. డ్రై కిట్ ఈ లోటును రెయిల్ (ఇంజెక్టర్లకు పెట్రోలు అందించే గొట్టం) ప్రెషర్ పెంచి పూడుస్తుంది. 39 పీఎస్ఐని 80కి తెచ్చినా పెట్రోలు రెట్టింపు కాదు, 1.43 రెట్లే. పైగా ప్రెషర్ పెరిగేకొద్దీ పంపు పోసేది తగ్గుతుంది. గ్యాస్ మాత్రం నిండుగా వస్తూనే ఉంటుంది. మిశ్రమంలో పెట్రోలు తగ్గి, అది పలచబడి నాకింగ్ (సిలిండర్‌లో మిశ్రమం అదుపు తప్పి పేలడం) మొదలవుతుంది, మొదటి రింగు దగ్గర పిస్టన్ అంచు విరుగుతుంది. ఇదంతా రెండు మూడు సెకన్ల పని. అందుకే ఈ బండికి మా ఓటు వెట్ కిట్‌కే.

అయితే నాజిల్‌ని థ్రాటిల్ ముందు గొట్టంలో పెట్టొద్దు. ఈ మ్యానిఫోల్డ్ (థ్రాటిల్ నుంచి సిలిండర్లకు గాలి పంచే భాగం) గాలి కోసం చేసింది, దాని మలుపుల్లో పెట్రోలు మడుగు కడుతుంది. అది అంటుకుంటే పై మ్యానిఫోల్డే పగలొచ్చు. పై, కింది మ్యానిఫోల్డ్‌ల మధ్య బిగించే ప్లేట్ కిట్ తీసుకోండి.

గ్యాస్ ఏ ఆర్‌పీఎమ్ దగ్గర మొదలవ్వాలన్నది షాట్ సైజు అంత ముఖ్యం. 75 హెచ్‌పీ 5000 ఆర్‌పీఎమ్ దగ్గర 107 న్యూటన్ మీటర్ల టార్క్ కలుపుతుంది. అదే 2500 దగ్గర 214. ఇంజన్ సొంత టార్కే 400 పైచిలుకు, దాని మీద ఇది పడితే హెడ్ గ్యాస్కెట్, గేర్‌బాక్స్ రెండూ మూల్గుతాయి. విండో స్విచ్‌ను (రెండు ఆర్‌పీఎమ్‌ల మధ్యే గ్యాస్ వదిలేది) 3000-5500 మధ్య పెట్టండి. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడే కలిసే స్విచ్ దానికి తోడు ఉండాలి. ఆ రెండింటితో పాటు పెట్రోలు ప్రెషర్ స్విచ్‌ను కూడా రిలే లైన్లో సిరీస్‌గా కలపాలి. రెయిల్‌లో ప్రెషర్ 35 పీఎస్ఐ కంటే కిందికి పడితే గ్యాస్, పెట్రోలు సోలనాయిడ్లు (కరెంటుతో తెరుచుకునే వాల్వులు) రెండూ మూసుకోవాలి. కొందరు దీన్ని అదనపు ఖర్చంటారు. పిస్టన్ల ధర అడిగి చూడమనండి.

స్పార్క్ టైమింగ్ ప్రతి 50 హెచ్‌పీకి 2 డిగ్రీలు వెనక్కి. 75కి 3, అంటే బేస్ 10 డిగ్రీల నుంచి 7కి. స్పౌట్ కనెక్టర్ (కంప్యూటర్ టైమింగ్ మార్చే వైరు ప్లగ్గు) పీకకుండా టైమింగ్ లైట్ పెట్టి చూస్తే తప్పు అంకె కనిపిస్తుంది. ప్లగ్గులు ఒక మెట్టు చల్లటివి, గ్యాప్ 0.054 నుంచి 0.035 అంగుళానికి. సిలిండర్‌లో ఒత్తిడి పెరిగితే పెద్ద గ్యాప్‌ను స్పార్క్ దాటలేదు.

బాటిల్ 10 పౌండ్లది చాలు. జెట్లు (గ్యాస్, పెట్రోలు కొలిచి వదిలే సన్న రంధ్రాలు) 900-950 పీఎస్ఐకి లెక్కేసినవి. 21 డిగ్రీల దగ్గర ప్రెషర్ 760 దాకానే ఉంటుంది, ఎండలో డిక్కీలో 1100 దాటుతుంది. తక్కువైతే పెట్రోలు ఎక్కువై పొగ, ఎక్కువైతే మళ్లీ పలచబడటం. వేడి చేయాలంటే ప్రెషర్ స్విచ్ ఉన్న హీటర్ పట్టీ వాడండి. బాటిల్‌కి మంట చూపించారంటే అది బాంబే. ప్రెషర్ మితిమీరినప్పుడు పగిలే సేఫ్టీ డిస్క్ పగిలితే గ్యాస్ బండి లోపలికి రాకుండా గొట్టం బయటికి తీయండి. ఆ గ్యాస్‌లో సల్ఫర్ డయాక్సైడ్ కలుపుతారు, పీల్చే పని పెట్టుకోవద్దు. బాటిల్‌ను వాల్వు ముందువైపుకు, కాస్త ఎత్తుగా, లేబుల్ పైకి ఉండేలా పడుకోబెట్టాలి. బండి దూకినప్పుడు ద్రవం వెనక్కి జరుగుతుంది, లోపలి గొట్టం మూతి ఉండేదీ అక్కడే.

గొట్టాల మరలకు తెల్ల టేపు చుట్టకండి. ఆ పీలిక ఒక్కటి పెట్రోలు సోలనాయిడ్‌లో ఇరుక్కుంటే చాలు, పైన చెప్పిన కథంతా మొదటికొస్తుంది. టెఫ్లాన్ పేస్ట్ వాడండి, అదీ మొదటి రెండు మరలు వదిలి. ఫ్లేర్ జాయింట్లకు ఏదీ రాయనక్కర్లేదు.

వచ్చే పాఠంలో వైరింగ్. ఈలోగా మీ బండి ఇంజెక్టర్ సైజు, పంపు లీటర్లు, రెయిల్ ప్రెషర్ కాగితం మీద రాసి, పై లెక్క ఒకసారి 50కి, ఒకసారి 75కి వేసి ఉంచుకోండి.