ఓటరుగా నమోదు, ఓటు వేసే పద్ధతులు: దరఖాస్తు విధానం

ఓటరు గుర్తింపు కార్డు చేతిలో ఉన్నా ఓటర్ల జాబితాలో పేరు లేకపోతే ఓటు వేయనివ్వరు. జాబితాలో పేరు ఉండి కార్డు పోయినవారు మాత్రం ఆధార్, పాన్ కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, పాస్‌పోర్టు, ఉపాధి హామీ జాబ్ కార్డు వంటివాటిలో ఏదో ఒకటి చూపి ఓటు వేయవచ్చు. అందువల్ల ముందుగా చూసుకోవలసింది జాబితానే.

కొత్తగా పేరు చేర్చుకోవడానికి ఫారం-6 నింపాలి. 2022 నుంచి జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1 అర్హత తేదీలుగా అమల్లో ఉన్నాయి. వీటిలో ఏ తేదీకి 18 ఏళ్లు నిండినా అర్హత వస్తుంది, 17 ఏళ్లు దాటినవారు ముందుగానే దరఖాస్తు ఇచ్చి ఉంచవచ్చు. ఫొటో, వయసు రుజువు, చిరునామా రుజువు జతచేసి ఎన్నికల సంఘం ఓటరు సేవల పోర్టల్‌లో గానీ, కాగితంపై నింపి బూత్ స్థాయి అధికారికి గానీ సమర్పించాలి. ఆంగ్లంలో టైపు చేసిన పేరును పోర్టల్ తెలుగులోకి మార్చినప్పుడు దీర్ఘాలు, ఒత్తులు తప్పే అవకాశం ఉంది కనుక, తెలుగు పేరును అక్షరం అక్షరం చదివి సరిచేసిన తర్వాతే సమర్పించడం మంచిది. ఆ తర్వాత బూత్ స్థాయి అధికారి ఇంటికి వచ్చి విచారిస్తారు, అభ్యంతరాలకు గడువిచ్చాక ఓటరు నమోదు అధికారి నిర్ణయం తీసుకుంటారు. దరఖాస్తును తిరస్కరిస్తే 15 రోజుల్లోగా జిల్లా కలెక్టరుకు అప్పీలు చేసుకోవచ్చు. నామినేషన్ల చివరి తేదీ దాటితే ఆ ఎన్నికకు ఏ పేరూ చేర్చరు.

ఇల్లు మారినవారు మళ్లీ ఫారం-6 ఇవ్వకూడదు, ఫారం-8 ఇవ్వాలి. సొంతూరు ఆంధ్రప్రదేశ్‌లో, నివాసం హైదరాబాద్‌లో ఉన్నవారు ఈ విషయం ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. రెండు చోట్ల పేరు ఉండటం చట్టవిరుద్ధం, దరఖాస్తులో తప్పుడు ప్రకటన ఇస్తే ఏడాది వరకు జైలుశిక్ష పడవచ్చు. విదేశాల్లో ఉంటూ భారత పౌరసత్వం నిలుపుకున్నవారు ఫారం-6ఏ ద్వారా నమోదు కావచ్చు. వారికి కార్డు ఇవ్వరు, పోలింగ్ రోజున అసలు పాస్‌పోర్టుతో స్వయంగా రావాలి.

లోక్‌సభ, శాసనసభ ఎన్నికల్లో ఓటు యంత్రంపై వేస్తాం. బ్యాలెట్ యూనిట్‌పై మీట నొక్కగానే ఎర్రలైటు వెలుగుతుంది, పక్కనే ఉండే వీవీప్యాట్ (ఓటు చీటీని చూపే యంత్రం) అద్దంలో అభ్యర్థి వరుస సంఖ్య, పేరు, గుర్తు ఉన్న చీటీ ఏడు సెకన్లు కనిపించి పెట్టెలో పడుతుంది. ఆ ఏడు సెకన్లు తొందరపడకుండా నిలబడి చూడాలి, ఎందుకంటే నొక్కిన గుర్తు, చీటీలోని గుర్తు వేరైతే పోలింగ్ కేంద్రం బాధ్యుడైన ప్రిసైడింగ్ అధికారికి అక్కడే లిఖితపూర్వకంగా చెప్పే హక్కు ఓటరుకు ఉంది. అభ్యర్థులు ఎక్కువైతే యూనిట్లు పెరుగుతాయి. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్‌లో 185 మంది బరిలో నిలవగా ఒక్కో పోలింగ్ కేంద్రంలో 12 యూనిట్లు అమర్చారు. అలాంటి చోట ఓటరు తన అభ్యర్థి వరుస సంఖ్యను ముందే తెలుసుకుని వెళ్లడం మేలు.

ఎన్నికల విధుల్లోని ఉద్యోగులు ఫారం-12, 85 ఏళ్లు దాటినవారు, 40 శాతానికి తగ్గని వైకల్యం ఉన్నవారు ఫారం-12డి ఇచ్చి పోస్టల్ బ్యాలెట్ కోరవచ్చు. ఎన్నికల నోటిఫికేషన్ వెలువడిన ఐదు రోజుల్లోగా ఫారం-12డి అందాలి. ఆమోదిస్తే సిబ్బంది ఇంటికే వచ్చి ఓటు వేయించుకుంటారు. పోస్టల్ ఓట్లు ఎక్కువగా చెల్లకుండా పోయేది కవర్ల దగ్గరే, ఇది నిజంగా బాధ కలిగించే విషయం. బ్యాలెట్‌ను చిన్న కవరులో పెట్టి అతికించాలి. ఫారం-13ఏ డిక్లరేషన్‌పై సంతకం చేసి, అధీకృత అధికారి ధ్రువీకరణ తీసుకుని, దానిని చిన్న కవరుతో పాటు పెద్ద కవరులో విడిగా ఉంచాలి. డిక్లరేషన్ చిన్న కవరులోకి వెళ్లిపోతే లెక్కింపులో ఆ కవరు తెరవకుండానే ఓటును తిరస్కరిస్తారు.

తెలుగు రాష్ట్రాల్లో పంచాయతీ ఎన్నికలు కాగితపు బ్యాలెట్‌తోనే జరుగుతున్నాయి, శాసనసభ ఓటర్ల జాబితా ఆధారంగానే వాటి జాబితా తయారవుతుంది. సర్పంచికి ఒకటి, వార్డు సభ్యునికి ఒకటి చొప్పున పత్రాలిస్తారు. బాణాల గుర్తుండే ముద్రను ఒకే అభ్యర్థి గడిలో, గీతకు తగలకుండా వేసి, సిరా ఆరాక మొదట నిలువుగా, తర్వాత అడ్డంగా మడవాలి. సిరా పక్క గడికి అంటినా ఆ బాణాల ముద్ర తిరగబడి కనిపిస్తుంది కనుక అసలు ముద్ర ఏదో లెక్కింపు అధికారులు గుర్తించగలరు.

ఏ ఎన్నికలోనైనా మీ పేరిట అప్పటికే ఎవరో ఓటు వేసి ఉంటే వెనుదిరగకండి. మీ గుర్తింపు రుజువు చేసుకుని, టెండర్ ఓటు (ఇలాంటివారికి విడిగా ఇచ్చే బ్యాలెట్) ఇవ్వమని ప్రిసైడింగ్ అధికారిని కోరండి.