గడ్డిలో రంగు పుట్టగొడుగులు – 4వ పాఠం: పసుపుదల్లా వ్యాక్స్‌క్యాప్ కాదు

పోయిన పాఠం తర్వాత ఎక్కువమంది అన్నది ఒకటే: "రాత్రంతా ఉంచాం, స్పోర్ ప్రింట్ (టోపీ నుంచి రాలిన బీజాల అచ్చు) పడలేదు." పడే ఉంటుంది. వ్యాక్స్‌క్యాప్ (గడ్డిలో మొలిచే, మైనంలా తగిలే రంగు పుట్టగొడుగు) బీజాలు తెలుపు, మీరు పెట్టింది తెల్లకాగితం మీద. సగం నలుపు, సగం తెలుపు కాగితం వాడండి. నాకైతే గాజుపలకే ఇష్టం, కింద ఏ రంగు కావాలంటే ఆ రంగు పెట్టుకోవచ్చు.

నిజంగానే పడకపోతే ఫ్యాన్ గాలికి టోపీ ఎండిపోయినట్టు. బెజవాడ ఉక్కలో ఫ్యాన్ ఆపమని ఎవరికి చెప్తాం? కాడ కోసేసి, మొప్పలు (టోపీ అడుగున ఉండే రేకులు) కిందికి పెట్టి, టోపీ మీద ఒక నీటిచుక్క వేసి, గ్లాసు బోర్లించండి. 6 నుంచి 12 గంటలు కదపొద్దు.

ఇక అసలు పేచీ. కోకోపీట్ వేసిన కుండీల్లో వానాకాలం గుంపుగా లేచే నిమ్మపండు రంగుదాన్ని చూసి, "పసుపు రంగు, తెల్ల ప్రింట్, వ్యాక్స్‌క్యాపే" అని తేల్చేస్తున్నారు. కాదు. అది ల్యూకోకోప్రైనస్ బిర్న్‌బౌమియై, తింటే కడుపు పాడవుతుంది. దాని ప్రింటూ తెలుపే, కాబట్టి ప్రింట్‌తో తేలదు. మొప్పలు కాడని అంటాయా అన్నదాంతోనూ తేలదు: దీనికి అంటవు, హైగ్రోసైబ్ కోనికా అనే వ్యాక్స్‌క్యాప్‌కీ చాలాసార్లు అంటీ అంటనట్టే ఉంటాయి. చూడాల్సింది మొప్పల మందం, ఎడం. వ్యాక్స్‌క్యాప్ మొప్పలు దళసరిగా, దూరం దూరంగా ఉంటాయి, నలిపితే వేలికి మైనంలా తగులుతాయి. కుండీదానివి పల్చన, ఒత్తు. టోపీ మీద పొడి వేలికంటుతుంది, అంచున గాడులుంటాయి. కాడకి ఉంగరం ఉంటే వ్యాక్స్‌క్యాప్ కానే కాదు. ఉంగరం లేదని మాత్రం సంబరపడొద్దు, బిర్న్‌బౌమియైకి అది ఊడిపోతుంటుంది.

ప్రింట్ తుప్పురంగైతే కోనోసైబ్ వైపు, గులాబీ అయితే ఎంటొలోమా వైపు వెతకండి (రెండూ వేరే పుట్టగొడుగుల జాతులు). ఆ సంగతి తర్వాత.

కోనికా టోపీ మొనదేలి, ఎరుపో నారింజో పసుపో ఉంటుంది. గోరుతో నొక్కిన చోట నల్లబడుతుంది, ముదిరితే మొత్తం నలుపే. అది కుళ్లు కాదు, ఆనవాలు. రంగు వానకీ ఎండకీ వెలిసిపోతుంది, కాబట్టి నోట్‌బుక్‌లో రంగు చివర రాయండి.

అభ్యాసం: వానపడిన మర్నాడు కరకట్ట మీదో కొండవీడు వైపో గడ్డిలో ఏ రంగుది దొరికినా మట్టితో సహా తవ్వి తీయండి. నిలువునా చీల్చి బొమ్మ గీయండి. టోపీ అంచున 1 సెంటీమీటరులో ఎన్ని మొప్పలున్నాయో లెక్కపెట్టండి. టోపీ మీద, కాడ మీద గోటిగుర్తు పెట్టి 10 నిమిషాలకి, గంటకి, మర్నాడు పొద్దున చూడండి. రుచి చూడొద్దు. ఇవన్నీ రాశాకే పేరు. పైనుంచి తీసిన ఫొటో ఒక్కటే పంపితే నేను పేరు చెప్పను, మొప్పలవైపుది కూడా కావాలి.